మా బాబు 91వ కీర్తన చెప్పడం మానేశాడు, ఏం చెప్పాలి?

నాని వాళ్ళ అమ్మ, కె.ఆర్.పురం, బెంగళూరు

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర, తొమ్మిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా బాబుకి ఎనిమిదేళ్లు. ఈ వేసవిలో వి.బి.ఎస్.లో (చర్చివాళ్ళు పెట్టే సెలవుల బైబిల్ స్కూల్లో) 91వ కీర్తన మొత్తం తడబడకుండా అప్పజెప్పి ప్రైజ్ తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ కీర్తన వాడిదే.

జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు కదా. మేము ఇంట్లోనే ఉన్నాం గానీ, గేటు ముందు చెల్లాచెదురుగా పడి ఉన్న చెప్పుల ఫొటో వాడు ఎవరి ఫోన్‌లోనో చూశాడు. పోయినవాళ్ళలో స్కూలు అమ్మాయి కూడా ఉందని విన్నాడు. ఆ రాత్రి "నీ ప్రక్కను వేయిమంది పడినను" దాకా చెప్పి, "అపాయము నీ యొద్దకు రాదు" దాకా రాకుండానే ఆగిపోయాడు. "అమ్మా, అక్కడ పడిపోయినవాళ్ళలో ఈ కీర్తన వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా అత్తయ్యగారు "మనం రోజూ ప్రార్థన చేసుకుంటాం నాన్నా, మనకేం కాదు" అన్నారు. వాడు ఆవిడ వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

ఎనిమిది రోజులకే అహ్మదాబాద్‌లో విమానం కూలింది. బతికిన ఒక్క మనిషిని టీవీలో చూసి మా ఇంటికొచ్చిన చుట్టాలు "దేవుడు కాపాడాడు" అన్నారు. "మరి విమానంలో మిగతా 241 మందిని?" అని వాడు అడిగితే, అలా అడగకూడదని కసిరారు. ఆ తర్వాత వాడు అడగడమే మానేశాడు. నాకు దానికే ఎక్కువ భయంగా ఉంది.

ఇంకోటి. ఏప్రిల్‌లో మా పెదనాన్నగారు పోయారు. ఆదరణ కూడిక కార్డు మీద "ప్రభువునందు నిద్రించారు" అని ఉంటుంది కదా, అది చదివాడు. ఇప్పుడు పడుకోవాలంటే టెన్షన్. లైటు ఆర్పనివ్వడు. ఆదివారం ఆరాధనకి మెట్రోలో వెళ్తుంటే ఆ స్టేడియం దగ్గరున్న కబ్బన్ పార్క్ స్టేషన్ రాగానే కళ్ళు మూసుకుంటాడు.

వాడికి అబద్ధం చెప్పలేను. వాడి విశ్వాసం పోగొట్టలేను. మీ ఇళ్ళల్లో ఏం చెప్పారు?

సండే స్కూల్ టీచర్, చెన్నై

అక్కా, నీ బాబు అడిగింది నేనూ అడిగాను, వాడికంటే ఒక్క ఏడాది పెద్దగా ఉన్నప్పుడు. 2004 డిసెంబర్ 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. సునామీ వచ్చినప్పుడు మేము చర్చికి తయారవుతున్నాం. సముద్రం ఒడ్డునున్న వేళాంగణి చర్చికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళిన భక్తులు ఎంతోమంది ఆ ఒడ్డునే కొట్టుకుపోయారు. వాళ్ళు ప్రార్థనకే కదా వెళ్ళింది! నేను అడిగితే ఒక పెద్దాయన "వాళ్ళలో ఏదో పాపం ఉండి ఉంటుంది" అన్నారు. ఆ మాట నా మనసులోంచి పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13లో ఉంది. వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అని యేసే చెప్పాడు. నా క్లాసులో ఇప్పుడు ఆ భాగం తప్పకుండా చెబుతాను. క్రిస్మస్ నాటికలో హేరోదు రాజు బేత్లెహేము పిల్లల్ని చంపించిన సంగతి మనం వదిలేస్తాం. పెద్ద పిల్లలకి అది కూడా చెబుతాను. బైబిల్లో ఇలాంటివి ఉన్నాయని తెలిస్తే, పిల్లలు తమ ప్రశ్న తప్పు కాదనుకుంటారు.

91వ కీర్తన మాన్పించకు. 15వ వచనం దగ్గర వాడితో కాసేపు కూర్చో. "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అని ఉంది. శ్రమే రాకపోతే ఆ మాట ఎందుకు? సాతాను యేసుని ఆలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు, దేవదూతలు పట్టుకుంటారంటూ వల్లించింది కూడా ఈ కీర్తనే. యేసు దూకలేదు. ఎనిమిదేళ్లవాడికి ఇది అర్థమవుతుంది. నా క్లాసులో అర్థమైంది.

"దేవుడు ఎందుకు ఆపలేదు" అని అడిగితే నేను "నాకు తెలియదు నాన్నా, నాకూ బాధగానే ఉంది" అంటాను. తన స్నేహితుడు లాజరు చనిపోతే సమాధి దగ్గర యేసు ఏడ్చాడని చెబుతాను. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.

ఒక సహోదరుడు, వైట్‌ఫీల్డ్

సిస్టర్, పిల్లల ముందు "తెలియదు" అనడం నాకు నచ్చదు. ఇంటి పెద్దలే తడబడితే విశ్వాసం ఎక్కడ నిలుస్తుంది? వార్తలు చూపించకండి, చాలు.

పిల్లల వార్డు నర్సు, బెంగళూరు

అన్నయ్యగారూ, వార్తలు ఆపమన్నది నిజమే. చిన్నపిల్లలకి టీవీలో ఒకే దృశ్యం పదిసార్లు వేస్తే పది విమానాలు పడ్డాయనుకునేవాళ్ళు కూడా ఉంటారు. కానీ ఈ బాబు చూసేశాడు. ఇప్పుడు మనం మాట్లాడకపోతే మిగతాది వాడు ఊహించుకుంటాడు, ఆ ఊహ నిజం కంటే భయంకరంగా ఉంటుంది.

అక్కా, "నిద్రించారు" అన్న మాట ఇంట్లో కొన్నాళ్ళు వద్దు. "చనిపోయారు, శరీరం పని చేయడం ఆగిపోయింది, ప్రభువు దగ్గర ఉన్నారు" అని మామూలు మాటల్లో చెప్పండి. నిద్రలో ఊపిరి ఆడుతుందని, వాడి చెయ్యి మీ పొట్ట మీద పెట్టించి చూపించండి. ఈ మాటలు పడుకునే ముందు కాకుండా సాయంత్రం, ఏదైనా పని చేసుకుంటూ మాట్లాడండి. అడిగిందే మళ్ళీ అడిగితే విసుక్కోకండి, ప్రతిసారీ అదే జవాబు చెప్పండి. పక్క తడపడం, స్కూలుకి వెళ్ళేముందు కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం నెల దాటినా తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు. మన ఊళ్ళోనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు.

నాని వాళ్ళ అమ్మ

పది రోజుల తర్వాత రాస్తున్నాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వాడికి సిలోయము సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే స్టేడియం దగ్గర చనిపోయిన ఆ స్కూలు అక్క తప్పు ఏమీ లేదు కదా" అన్నాడు. లేదన్నాను. అప్పుడు ఏడ్చాడు, మొదటిసారి. ఆ రాత్రి ప్రార్థనలో ఆ అమ్మాయి వాళ్ళమ్మ కోసం వాడే ప్రార్థన చేశాడు. మా అత్తయ్యగారు ఏమీ అనలేదు, వాడి తల నిమిరారు.

లైటు ఇంకా ఆర్పనివ్వడం లేదు. ఆగస్టులో చర్చిలో కీర్తనల పోటీ ఉంది, పేరు ఇవ్వమంటావా అని అడిగాను. 15వ వచనం నుంచి మొదలుపెట్టొచ్చా అని టీచర్‌ని అడగమన్నాడు.