జిరాక్స్ షాపులో ఫైల్ సైజు తగ్గించడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ చెప్పండి (పాత కంప్యూటర్, కావలి)

కావలి_ఆన్‌లైన్:

అందరికీ నమస్తే. కావలిలో రెండు నెలల కింద చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు పెట్టాను. ఉన్నది ఒక పాత కంప్యూటర్ (విండోస్ 10, 4 జీబీ ర్యామ్), స్కానర్ కూడా ఉన్న ప్రింటర్ ఒకటి. వచ్చేవాళ్ళలో సగం మంది బ్యాంకు ఉద్యోగాలకు అప్లై చేసే పిల్లలు. మిగతావాళ్ళలో ఎక్కువగా తుమ్మలపెంట రోడ్డు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్ళు. లోన్ కాగితాలు, ఆధార్, కరెంటు బిల్లు స్కాన్ చేసి పంపమంటారు.

నా బాధంతా సైజుతోనే. ఫోటో 50 కేబీ దాటకూడదంటారు, ఇంకో చోట పీడీఎఫ్ 200 కేబీ లోపే ఉండాలంటారు. నేను స్కాన్ చేస్తే ఒక్క పేజీకే 3 ఎంబీ వస్తోంది. గూగుల్‌లో మొదట కనిపించిన వెబ్‌సైట్‌లో ఎక్కించి కుదించి, మళ్ళీ దించుకుంటున్నా. రోజుకు కొన్ని ఫైళ్ళు దాటితే ఆ సైటు డబ్బులు అడుగుతోంది. నిన్న సాయంత్రం ఆరుగురు వరసలో ఉండగా అట్లా ఆగిపోయింది. ఆఖరి రోజు దరఖాస్తు ఒకటి, ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను. డబ్బులు కట్టకుండా, ఈ కంప్యూటర్లోనే నడిచేవి ఏవైనా ఉంటే చెప్పండి.

ఒంగోలు_పాత_షాపు:

చెల్లెమ్మా, ఒంగోలులో నాది 14 ఏళ్ళ షాపు. నీ ప్రశ్నకు జవాబు చెప్తాను గానీ, ముందు ఒక మాట. ఆ వెబ్‌సైట్ వాడకం ఈ రోజుతో ఆపెయ్. డబ్బులు అడుగుతోందని కాదు. నువ్వు ఎక్కించేది ఒకరి ఆధార్, ఒకరి పాస్‌బుక్ మొదటి పేజీ, ఒకరి సంతకం. వాళ్ళు మనల్ని నమ్మి కాగితం మన చేతికిచ్చారు. మనం దాన్ని ఊరూ పేరూ తెలియని సర్వర్‌కు పంపుతున్నాం. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, మనం చెప్పం.

అసలు కుదించాల్సిన అవసరమే రాకూడదు. 3 ఎంబీ ఎందుకు వస్తోందంటే నీ స్కానర్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు, అంటే పిక్సెల్స్), కలర్‌లో ఉండి ఉంటుంది. ఎ4 పేజీని 300లో తీస్తే 2480 × 3508 చుక్కలు, అంటే దాదాపు 87 లక్షలు. అదే 150లో తీస్తే 1240 × 1754, దాదాపు 22 లక్షలు. నాలుగో వంతుకు వచ్చేస్తుంది. కరెంటు బిల్లుకు కలర్ ఎందుకు? గ్రేలో తియ్యి, ఇంకా తగ్గుతుంది. అక్షరాలు మామూలు సైజులో ఉంటే 150లో శుభ్రంగా చదవొచ్చు. పాత దస్తావేజులు, మసకబారిన రబ్బరు స్టాంపులు ఉంటే మాత్రం 200 పెట్టు.

దీనికి నేను వాడేది న్యాప్స్2 (NAPS2) అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్. ఫ్రీ, ఓపెన్ సోర్స్, షాపుకు వాడుకున్నా ఇబ్బంది లేదు. అందులో ప్రొఫైళ్ళు చేసుకోవచ్చు. నా దగ్గర రెండున్నాయి: "బిల్లు" అంటే గ్రే 150, "దస్తావేజు" అంటే కలర్ 200. ఏ కాగితం వస్తే ఆ ప్రొఫైల్ నొక్కడమే. పేజీలు ముందువెనకైతే మౌస్‌తో లాగి సరిచేసుకుని, అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా దాచొచ్చు. కస్టమర్ ముందే పీడీఎఫ్‌లు తెచ్చి కలపమంటే పీడీఎఫ్‌శామ్ బేసిక్ (PDFsam Basic) ఉంది. కలుపుతుంది, విడదీస్తుంది, తిరగేసిన పేజీని నిలబెడుతుంది. ఇవన్నీ ఇంటర్నెట్ తీసేసినా పనిచేస్తాయి.

ఇక ఫోటో. బ్యాంకు పరీక్షలు పెట్టే సంస్థ ఐబీపీఎస్ దరఖాస్తులో ఫోటో 200 × 230 చుక్కలు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 × 60, 10 నుంచి 20 కేబీ. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫోటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలుంటాయి, వాళ్ళకు కావలసింది 46 వేలే. కాబట్టి కేబీల వెంట పడకు, ముందు చుక్కలు తగ్గించు. విండోస్‌తో పాటు వచ్చే మన పెయింట్ చాలు. మొదట మొహం, భుజాలు వచ్చేలా నిలువుగా కత్తిరించు. తర్వాత కంట్రోల్ + డబ్ల్యూ నొక్కి, పిక్సెల్స్ ఎంచుకుని, అడ్డం 200 కొట్టు. కత్తిరించకుండా 200, 230 అని బలవంతంగా కొడితే మొహం సాగిపోతుంది.

కొన్నిసార్లు ఫైల్ 20 కేబీ కంటే తక్కువైపోయి, అందుకూ దరఖాస్తు ఒప్పుకోదు. అప్పుడు జింప్ (GIMP) అనే ఫ్రీ ఫోటో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి జేపెగ్‌గా ఎగుమతి చెయ్యి. క్వాలిటీ గీతను జరుపుతుంటే సైజు ఎంతవుతుందో అక్కడే చూపిస్తుంది, ప్రివ్యూ టిక్ పెట్టుకోవాలి. నీ 4 జీబీలో తెరుచుకోవడానికి కాస్త టైం పడుతుంది, పొద్దున్నే తెరిచి పక్కన పెట్టుకో. ఇదే పనికి ఇర్ఫాన్‌వ్యూ (IrfanView) తేలిక అని చాలామంది చెప్తారు. మంచిదే, కానీ ఇంట్లో వాడుకుంటేనే ఫ్రీ, వ్యాపారానికైతే లైసెన్స్ కొనాలి.

ఇప్పుడు నా షాపులో జరిగింది చెప్తాను. టంగుటూరు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, బ్యాంకు దరఖాస్తుకు. అప్పట్లో నేను ఫైళ్ళన్నీ డెస్క్‌టాప్ మీదే ఉంచేవాణ్ణి: ఫోటో1, సైన్1, సైన్2. హడావిడిలో ఆమె దరఖాస్తులో అంతకు ముందు వచ్చిన కుర్రాడి సంతకం ఎక్కించాను. ఆమె చూసుకోలేదు, నేనూ చూడలేదు. హాల్‌టికెట్ వచ్చినప్పుడు తెలిసింది. గడువు అయిపోయింది. డబ్బులు తిరిగిచ్చాను, ఆమె తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఆ ఏడాది ఆ అమ్మాయి ఆ పరీక్ష రాయలేదు.

అప్పటి నుంచి వచ్చిన ప్రతి మనిషికీ ఒక ఫోల్డర్. పేరులో ముందు తేదీ, తర్వాత మనిషి పేరు, ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు. తేదీని ఏడాది, నెల, రోజు వరసలో రాస్తే ఫోల్డర్లు వాటంతటవే క్రమంలో నిలబడతాయి. ఫైళ్ళ పేర్లు మార్చడానికి మొదటిదాని మీద ఎఫ్2 నొక్కి, పేరు కొట్టి, ట్యాబ్ నొక్కితే నేరుగా తర్వాతి ఫైల్‌కు పోతుంది. మౌస్ ముట్టుకోనక్కర్లేదు. సబ్మిట్ కొట్టేముందు స్క్రీన్ మనిషి వైపు తిప్పి "ఈ సంతకం నీదేనా" అని అడుగుతాను. ఎంత రద్దీగా ఉన్నా సరే.

నెల్లూరు_డీటీపీ:

ఒంగోలు అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను స్టోన్‌హౌస్‌పేటలో డీటీపీ చేస్తాను. తెలుగు టైపింగ్ గురించి ఒక మాట కలుపుతాను, మీ షాపుకు అర్జీలు కూడా వస్తాయి కదా అక్కా. శుభలేఖలకు మేం అను ఫాంట్లు వాడతాం. కానీ అందులో కొట్టింది కాపీ చేసి వాట్సాప్‌లోనో, ఏదైనా వెబ్‌సైట్‌లోనో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అర్జీలు యూనికోడ్‌లోనే (ఏ ఫోన్‌లో, ఏ సైట్‌లో అతికించినా తెలుగుగానే కనిపించే పద్ధతి) కొట్టండి. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర తెలుగు చేర్చి, దానికి ఆ ఫొనెటిక్ కీబోర్డు జత చేసుకోవాలి. విండోస్ కీ + స్పేస్ నొక్కితే ఇంగ్లీషుకూ తెలుగుకూ మారుతుంది. "kaavali" అని కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాలతో కొడితే కావలి అని వస్తుంది.

ఇంకోటి. విండోస్ కీ + వి. మీరు కాపీ చేసిన చివరి 25 ముక్కలు చూపిస్తుంది, మొదటిసారి ఆన్ చేసుకోవాలి. కావలి పిన్‌కోడ్ 524201, జిల్లా పేరు, ఇట్లాంటివి పిన్ చేసుకుంటే రోజుకు వందసార్లు కొట్టే పని తప్పుతుంది.

ఒంగోలు_పాత_షాపు:

తమ్ముడూ, విండోస్ + వి మంచిదే, నేనూ వాడతాను. కానీ షాపులో జాగ్రత్త. కస్టమర్ ఆధార్ నంబరో పాస్‌వర్డో కాపీ చేస్తే అదీ ఆ వరసలో కూర్చుంటుంది, పక్కవాడు వచ్చేసరికి కనిపిస్తుంది. మనిషి మారినప్పుడల్లా అక్కడే "క్లియర్ ఆల్" నొక్కాలి. పిన్ చేసినవి పోవు, మిగతావి పోతాయి.

కావలి_ఆన్‌లైన్:

అన్నా, న్యాప్స్2 పెట్టాను. అదే కరెంటు బిల్లు గ్రే 150లో తీస్తే 170 కేబీ వచ్చింది! రెండు నెలలు అనవసరంగా అవస్థ పడ్డాను. ఇంకో డౌటు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా, కొన్ని సైట్లు పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ తీసుకోవు. దాన్ని తీసేయడానికి కూడా ఏదైనా సాఫ్ట్‌వేర్ కావాలా?

ఒంగోలు_పాత_షాపు:

అక్కర్లేదమ్మా. క్రోమ్‌లో ఆ ఫైల్ తెరువు. పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి, పక్కన పుట్టిన సంవత్సరం. తెరిచాక కంట్రోల్ + పి, ప్రింటర్ దగ్గర "సేవ్ యాజ్ పీడీఎఫ్". కొత్త ఫైల్‌కు పాస్‌వర్డ్ ఉండదు. అయితే అసలు ఫైల్‌లో ఉండే డిజిటల్ సంతకం కూడా పోతుంది, కాబట్టి అసలుది కస్టమర్ ఫోన్‌కు పంపేసెయ్. ఎక్కడైనా మొత్తం నంబరు అడగకపోతే మాస్క్‌డ్ ఆధార్ దించు, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి.

పాస్‌వర్డ్ లేని ఆ ఫైల్ నీ కంప్యూటర్లో మిగిలితే ప్రమాదం. ఇన్‌కాగ్నిటోలో (క్రోమ్‌లో హిస్టరీ దాచని విండో) తెరిచినా దించిన ఫైల్ డౌన్‌లోడ్స్‌లో అట్లాగే ఉంటుంది, చాలామందికి ఇది తెలియదు. పని అవగానే షిఫ్ట్ + డిలీట్, రీసైకిల్ బిన్‌కు కూడా పోదు. మర్చిపోతే ఆదుకోవడానికి సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లో స్టోరేజ్ సెన్స్ ఉంది, పాత ఫైళ్ళను తనే తీసేస్తుంది. దాన్ని రోజూ నడిచేలా పెట్టి, డౌన్‌లోడ్స్ దగ్గర ఒక రోజు అని ఎంచుకో. నీ సొంత ఫైళ్ళు ఏవైనా అందులో ఉంటే ముందే వేరే చోటికి మార్చుకో.

కావలి_ఆన్‌లైన్:

ఇప్పుడే డౌన్‌లోడ్స్ తెరిచి చూశాను అన్నా. 612 ఫైళ్ళు. ఆధార్లు, పాన్ కార్డులు, ఒకాయన భూమి కాగితాలు, మా వీధిలో వాళ్ళవి కూడా. షట్టర్ సగం దించి కూర్చున్నా. మా ఆయన్ను అన్నం ఇక్కడికే తెమ్మన్నాను.