అప్‌డేట్: బుర్గుండీలో సైకిల్ మీద తిరిగొచ్చాం

ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ద్రాక్షతోటల్లో సైకిల్ మీద తిరగడం మాలాంటివాళ్లకి కష్టమా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. బోన్ నుంచి సాంతనే దాకా సుమారు 22 కిలోమీటర్ల దారి. పొమ్మార్, వోల్నే ఊళ్ల దగ్గర ఎత్తు ఎక్కాలి, ఈ-బైక్ (బ్యాటరీ సైకిల్) తీసుకోమన్నవాళ్లకి దండం. ఆ రెండూ పీనో న్వార్ అనే నల్లద్రాక్ష ఊళ్లు, ఎర్ర వైన్. మ్యూర్సో చేరేసరికి షార్డొనే అనే తెల్లద్రాక్ష, తెల్ల వైన్. హైదరాబాద్ చుట్టుపక్కల పందిరి ద్రాక్ష చూసిన కళ్లకి అక్కడి గుత్తులు మోకాలెత్తులోనే వేలాడుతుంటే ఎంత ముచ్చటేసిందో! తోట గట్లన్నీ సున్నపురాతి గోడలే.

వెళ్లేవాళ్లు వైన్ టేస్టింగ్ ముందే బుక్ చేసుకోండి, మధ్యాహ్నం భోజనాలవేళ చాలాచోట్ల మూసేస్తారు. ఇంకోటి, తాగి నడిపితే సైకిల్‌కీ కారు రూలే: లీటరు రక్తంలో ఆల్కహాల్ 0.5 గ్రాముల లోపే ఉండాలి. మేం రుచి చూసి ఉమ్మేశాం, అక్కడ అది మామూలే.