అప్‌డేట్: పెస్కారా మార్క్విస్ బిరుదు చివరికి ఎవరికి దక్కింది?

మొన్న అడిగిన ప్రశ్న ఇది: దక్షిణ ఇటలీలోని నేపుల్స్‌లో స్థిరపడిన స్పానిష్ కుటుంబం దావలోస్‌కు, ఇటలీ తూర్పు తీరంలోని పెస్కారా జాగీరు, దాంతో వచ్చే మార్క్విస్ (ఒక ప్రభువంశ హోదా) బిరుదు ఎలా వచ్చాయి? 1525లో ఫెర్రాంతే దావలోస్ పిల్లలు లేకుండా చనిపోయాక అది ఎటు పోయింది? జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పుడు వంశవృక్షం పూర్తిగా కుదిరింది.

మొదటి ముడి పెళ్లితోనే విడిపోయింది. ఆరగాన్ రాజు అల్ఫోన్సో 1442లో నేపుల్స్ గెలిచాడు. ఆయన వెంట వచ్చిన ఇన్యిగో దావలోస్, పెస్కారా వారసురాలు ఆంతోనెల్లా దాక్వీనోను పెళ్లాడాడు. అక్కడ మగ వారసులు లేకపోతే జాగీరు కూతురికి రావచ్చు. అలా కోడలి తరఫు ఆస్తి స్పానిష్ ఇంటిపేరు కిందికి చేరింది. చాలా పుస్తకాలు యుద్ధాల గురించి పేజీలకు పేజీలు రాసి, ఆంతోనెల్లాను ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకది అన్యాయం అనిపిస్తుంది.

వాళ్ల మనవడే పావియా యుద్ధవీరుడు (1525లో ఇటలీలో ఫ్రాన్స్ రాజు ఓడిన యుద్ధం) ఫెర్రాంతే. పుట్టింది ఇటలీలో, భార్య కవయిత్రి విత్తోరియా కొలోన్నా. అయినా తనను స్పానిష్ వాడిగానే భావించుకుని, ఆమెతో కూడా స్పానిష్‌లోనే మాట్లాడేవాడట! ఆయన తర్వాత పెస్కారా చిన్నాన్న కొడుకు అల్ఫోన్సోకు వెళ్లింది. ఆయన అప్పటికే వాస్తో మార్క్విస్. ఇటలీ చిత్రకారుడు తీషియన్ గీసిన, కవచం తొడుక్కుని సైనికులతో మాట్లాడే సేనాని ఈయనే. ఆ చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. విత్తోరియా ఈ అల్ఫోన్సోను సొంత కొడుకులా చూసుకుంది.

నేపుల్స్ రాజ్యంలో జాగీర్దారీ 1806లో రద్దయింది. కాబట్టి ఆ తర్వాతి తరాలకు బిరుదు వేరు, భూమి వేరు. ఎవరైనా ఈ వంశవృక్షం గీస్తే 1806 దగ్గర ఆ తేడా చూపే గీత తప్పకుండా పెట్టండి.