జబ్బు పేరెత్తితే అవిశ్వాసమా? మనసు నూతనం కావడం అంటే ఏమిటి?

కవిటి కోడలు:
అందరికీ వందనాలు. మాది కవిటి పక్కన ఒక పల్లె. మావయ్య గారికి కిడ్నీలు పాడై రెండేళ్లుగా డయాలసిస్. వారానికి మూడు రోజులు సోంపేట తీసుకెళ్లాలి, మిషన్ మీద నాలుగేసి గంటలు. ఈ మధ్య మా ఆయనకి సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తున్నాయి. రక్తపరీక్ష చేయిద్దామంటే ఒప్పుకోవట్లేదు. మా సహవాసంలో నేర్పేది ఇదీ: జబ్బు పేరు నోట రానివ్వకూడదు, నోటితో ఏది ఒప్పుకుంటే అదే మీదికొస్తుంది, ఆలోచన మార్చుకుంటే ఒళ్ళూ బాగవుతుంది. దానికి బైబిల్లో రోమా పత్రిక 12:2 చూపిస్తారు, "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి" అని.

పోయిన నెల ఉపవాస ప్రార్థనలో నాకు ఏడుపు ఆగలేదు. ఒక అక్క చెయ్యి పట్టుకుని "ఏడవకు, ఏడుపు అవిశ్వాసం" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. 2018లో తిత్లీ తుఫానుకి మా ఇంటి రేకులు ఎగిరిపోతే వారం రోజులు మా అందరికీ అన్నం వండి పెట్టింది. అందుకే ఆవిడ మాట తీసి పారేయలేకపోతున్నాను. నా మనసు ఇంకా మారలేదనే ఈ టెన్షన్ అంతానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు:
చెల్లెమ్మా, నేను ఆ అక్క తరఫునే మాట్లాడతాను. విజయనగరంలో నేను పనిచేసే జూట్ మిల్లు మూతపడ్డాక రెండేళ్లు మా ఇంట్లో "ఇంక అయిపోయింది" తప్ప వేరే మాట లేదు. లేస్తే అదే, పడుకుంటే అదే. పిల్లలు కూడా ఆ మాటే నేర్చుకున్నారు. మా చర్చి పెద్దాయన ఒకరు వచ్చి, రోజూ తెల్లారి ఆ మాట బదులు ఒక వాక్యం పైకి చదవమన్నారు. మూడు నెలలకి నేను మళ్ళీ పని వెతుక్కోవడానికి ఇంట్లోంచి బయటికి నడిచాను. వాక్యం ఉద్యోగం తెచ్చిందనను. కాళ్ళకి కదలిక తెచ్చింది.

సంఖ్యాకాండంలో దేవుడు ఇశ్రాయేలు జనానికి ఇస్తానన్న కనాను దేశం చూసి రమ్మని పన్నెండు మందిని పంపితే, అందరూ చూసింది ఒకే దేశం, ఒకే ద్రాక్ష గెల. పదిమంది "వాళ్ళ ముందు మనం మిడతలం" అన్నారు. ఆ మాట విని జనమంతా రాత్రంతా ఏడ్చి, నలభై ఏళ్ళు అరణ్యంలో తిరిగారు. జీవమరణాలు నాలుక వశం అని సామెతలు 18:21లో ఊరికే రాయలేదు. అబ్రాహాము కూడా నూరేళ్ల వయసులో తన శరీరం వంక చూడలేదు, కొడుకు పుడతాడని దేవుడిచ్చిన వాగ్దానం వంకే చూశాడు. పరీక్ష మానేయమని నేను అనను. కానీ ఇల్లంతా ఇరవైనాలుగు గంటలూ రిపోర్టుల మాటే అయితే మనిషి మందు అందకముందే కుంగిపోతాడు.

చీపురుపల్లి టీచర్:
అమ్మా, ఆ వచనం దగ్గరే ఆగకుండా అధ్యాయం చివరిదాకా చదవండి. రెండో వచనంలో మనసు మారాలన్నాక, ఆ మారిన మనసు ఎలా మసలుతుందో ఆ పత్రిక రాసిన పౌలు వరసగా చెప్పుకుంటూ పోయాడు. తనని తాను గొప్పగా ఎంచుకోదు. ఇంటికొచ్చినవాళ్ళని ఆదరిస్తుంది. శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెడుతుంది. పదిహేనో వచనంలో "ఏడ్చువారితో ఏడువుడి" అని ఉంది. ఒకే అధ్యాయం, మధ్యలో పదమూడు వచనాల దూరం. అంటే మనసు నూతనమైనవాళ్ళు మీ ఏడుపు ఆపరు, మీ పక్కన చాప మీద కూర్చుని తామూ ఏడుస్తారు. తుఫానప్పుడు ఆ అక్క మీకు అన్నం పెట్టింది చూడండి, రోమా 12 ఆవిడ చేతుల్లో కనపడింది అప్పుడు. ఉపవాస ప్రార్థనలో అన్న మాటలో నాకు కనపడలేదు.

నాగావళి గట్టు అన్నయ్య గారూ, మీ సాక్ష్యాన్ని నేను కాదనను. కానీ అబ్రాహాము విషయంలో ఒక్కసారి రోమా 4:19 తెరవండి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఆయన తన శరీరాన్ని లెక్కలోకి తీసుకోలేదనే అర్థం వస్తుంది, ఎందుకంటే వాళ్ళు వాడిన గ్రీకు ప్రతుల్లో "లేదు" అనే మాట ఉంది. అంతకంటే పాత ప్రతుల్లో అది లేదు. మన తెలుగు బైబిల్లో తన శరీరం మృతతుల్యమైందని "ఆలోచించెను గాని" అనే ఉంది. చూశాడు, తెలుసుకున్నాడు, అయినా నమ్మాడు. ఇంగ్లీషు ప్రసంగాలు విని చెప్పే బోధకుల వల్ల ఆ "లేదు" మన దగ్గరికి కూడా వచ్చేసింది. ఆ పన్నెండు మందిలో మిగతా ఇద్దరు, యెహోషువ, కాలేబు కూడా అక్కడ ఎత్తయిన మనుషులు లేరని అబద్ధం చెప్పలేదు, భయపడొద్దన్నారు అంతే. ఫిలిప్పీయులకు పౌలు చెరలోంచి రాస్తూ వేటి మీద ధ్యానం ఉంచాలో చెప్పిన వరసలో అన్నిటికంటే ముందున్నది "ఏవి సత్యమైనవో". రమ్యమైనవి, ఖ్యాతిగలవి ఆ తర్వాతే వచ్చాయి.

ఇది నాకు పుస్తకంలో దొరికింది కాదు. మా అమ్మ పోయినప్పుడు "ప్రభువు దగ్గరికి వెళ్ళింది, ఏడవకూడదు" అన్నారు. ఎనిమిది నెలలు నవ్వుతూ తిరిగాను. చర్చిలో నన్ను చూపించి విశ్వాసమంటే ఇదీ అన్నారు. ఇంట్లో మాత్రం మూత కింద పడితే పిల్లల మీద అరిచేదాన్ని. క్లాసులో ఒక పిల్లాడు హోంవర్క్ చేయలేదని అతని పుస్తకం విసిరేశాను. ఆ రాత్రి 42వ కీర్తన చదివాను. అక్కడ కోరహు కుమారులు, అంటే దేవాలయంలో పాటలు పాడే వంశంవాళ్ళు, తమ ప్రాణాన్నే "ఎందుకు కుంగిపోయావు" అని అడుగుతారు. కన్నీళ్ళే మాకు రాత్రింబవళ్ళు అన్నమయ్యాయి అంటారు. నేను మొదటిసారి గట్టిగా ఏడ్చింది ఆ రాత్రే. మర్నాడు ఆ పిల్లాడికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. నా మనసు మారడం అక్కడ మొదలైంది.

బొబ్బిలి:
ఒక ప్రశ్న. మరి మారేది మనమా, మార్చేది దేవుడా? మనమే అయితే అది మామూలు మనోనిబ్బరం. దేవుడే అయితే మనకి ఆజ్ఞ ఎందుకు?

చీపురుపల్లి టీచర్:
"రూపాంతరము పొందుడి" అన్న ఆ క్రియ గ్రీకులో "మార్చబడుతూ ఉండండి" అన్నట్టు ఉంటుంది. చేసేది ఆయన, ఒప్పుకుని నిలబడాల్సింది మనం, ఒక్కరోజుతో అయ్యేది కాదు. కొండ మీద యేసు రూపాంతరం పొందాడన్నప్పుడు వాడిన మాటే ఇది, కొత్త నిబంధన మొత్తంలో నాలుగుసార్లే వస్తుంది. ముఖం మీద నవ్వు అతికించుకోవడానికి అంత పెద్ద మాట వాడరు కదండీ.

పలాస ల్యాబ్:
నేను క్రైస్తవుణ్ణి కాదు, వాక్యాల జోలికి పోను. ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. కవిటి, సోంపేట, పలాస ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో ఇప్పటికీ ఒక్క కారణం అని తేలలేదు. నీళ్ళని కొందరు, ఎండలో పనని కొందరు. తేలింది ఒకటుంది: మొదట్లో ఏ బాధా ఉండదు. బాధ తెలిసేసరికి కిడ్నీ చాలావరకు పోయి ఉంటుంది. ముందే తెలిస్తే బీపీ అదుపులో పెట్టి, నొప్పి బిళ్ళలు మానేసి చాలా ఏళ్ళు డయాలసిస్ దాకా పోకుండా చూడొచ్చు. పాదాలు వాచాయంటే ఆగొద్దు అక్కా. వాపు వేరే కారణాలకీ రావచ్చు, అది తెలియాలన్నా పరీక్షే.

మా ఇళ్ళల్లో కూడా ఇంతే. శుభమా అని రిపోర్టు తేవద్దంటారు మా అమ్మ. కాగితం జబ్బు తేదు. ఉన్నదాన్ని చెబుతుంది. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు, మీ దగ్గర్లోనే చేస్తారు.

నాగావళి గట్టు:
రోమా 4:19 తెరిచాను. టీచరమ్మ గారు చెప్పినట్టే ఉంది. ముప్పై ఏళ్లుగా చదువుతున్న బైబిలే, నా కళ్ళు ఆ మాట మీద నిలవలేదు. ఇంతకాలం ప్రార్థన కూటాల్లో ఆ "లేదు" నేనూ చెప్పాను, అది బాధగా ఉంది.

కానీ ఒక మాట మీద నేను నిలబడతాను. నిజం చెప్పే మాట వేరు, భయాన్ని పెంచే మాట వేరు. "క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎంతుంది" అనేది మొదటిది. "మీ నాన్నలాగే నువ్వూ పోతావు" అనేది రెండోది. మన ఊళ్ళల్లో పరామర్శకి వచ్చి రెండోది అనేవాళ్ళు ఎంతమందో మీకందరికీ తెలుసు. ఆ నోళ్ళకి కూడా రోమా 12:2 కావాలి.

చీపురుపల్లి టీచర్:
దానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను అన్నయ్య గారూ.

కవిటి కోడలు:
అందరికీ దణ్ణాలు. నిన్న రాత్రి భోజనాలయ్యాక మా ఆయనకి రోమా 4:19 చదివి వినిపించాను. నేనేమీ వాదించలేదు. ఆయన బైబిలు తీసుకుని తానే రెండుసార్లు చదివారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నాకు తెలుసు, ఆయనది మొండితనం కాదు, వాళ్ళ నాన్న చేతికి ఆ సూదులు గుచ్చడం చూసిన భయం. నేనే ఇన్నాళ్ళూ దాన్ని మొండితనం అనుకుని దెబ్బలాడాను. పొద్దున్న టీ తాగుతూ "పరగడుపునే వెళ్ళాలా?" అని అడిగారు. పలాస తమ్ముడూ, ఆ ఒక్కటీ చెప్పండి.

పలాస ల్యాబ్:
అక్కర్లేదు అక్కా. ముందురోజు రాత్రి మాంసం ఎక్కువ తినకపోతే చాలు. రక్తంతో పాటు మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా రాయించండి, బీపీ చూడమనండి. పొద్దున్నే వెళ్ళండి, ఎండ ఎక్కాక లైను పెరుగుతుంది.