ఆడవాళ్ల ఎల్‌ఎఫ్‌పీఆర్ (పని చేస్తున్న లేదా పని వెతుక్కుంటున్న వాళ్ల శాతం) పెరిగిందంటే డబ్బులొచ్చే పని పెరిగినట్టేనా?

గుంటూరులో ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్ట్ చేస్తున్నానండి. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో (కేంద్రం చేసే ఉపాధి సర్వే) 15 ఏళ్లు పైబడిన ఆడవాళ్ల ఎల్‌ఎఫ్‌పీఆర్ 2017-18లో 23.3 శాతం, 2023-24కి 41.7 అయింది, వినడానికి బానే ఉంది గానీ సీజన్‌లో రెండు నెలలు మిర్చి తొడిమలు తీసి మిగతా ఏడాది ఇంట్లోనే ఉండే ఆవిడా, మొగుడి టిఫిన్ బండి దగ్గర పైసా తీసుకోకుండా గిన్నెలు తోమే ఆవిడా యూజువల్ స్టేటస్ లెక్కలో (గత ఏడాది మొత్తం చూసేది) ఇద్దరూ పని ఉన్నవాళ్లే (ఏడాదిలో ఎక్కువ కాలం చేసింది ప్రిన్సిపల్ స్టేటస్, దానికి తోడు కొంతకాలం చేసిన పని సబ్సిడరీ; సబ్సిడరీకి 30 రోజులు చేస్తే చాలు).

యూనిట్ లెవెల్ డేటా (ఒక్కో మనిషి వివరాలు విడివిడిగా ఉండేది) దించి కోడ్ 21, అంటే జీతం లేని హెల్పర్లని, తీసేసి చూశా, రేటు బాగా పడిపోయింది. పోనీ ప్రిన్సిపల్ స్టేటస్ ఒక్కటే పట్టుకుందామంటే కూలి తీసుకునే మిర్చి ఆవిడ కూడా 92లోకి, ఇంటిపనిలోకి, వెళ్లిపోతోంది. వారం లెక్క (సీడబ్ల్యూఎస్, గత ఏడు రోజుల్లో ఏం చేశారన్నది) వేరే, దాంతో ఇవి కలవవు.

డబ్బులొచ్చే పని పెరిగిందో లేదో చూపించాలంటే ప్రిన్సిపల్, సబ్సిడరీ రెండూ ఉంచి 21 మాత్రం తీసేయాలా, లేక ప్రిన్సిపల్‌లో 31 (రెగ్యులర్ జీతం), 51 (కూలి పని) కోడ్‌లే తీసుకోవాలా?