ఇంజిన్ లైటు మినుకుమని ఆగింది: శనివారం అమ్మను ధర్మవరం తీసుకెళ్లొచ్చా?

ధర్మవరం_కాడుగోడి:

అందరికీ నమస్కారం. నేనుండేది బెంగుళూరు కాడుగోడిలో, మా ఊరు ధర్మవరం. బండి 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 71 వేలు తిరిగింది. నాన్న కొన్న బండి. ఆయన పోయి రెండేళ్లయింది. ప్రతి సర్వీసూ ఒక చిన్న డైరీలో రాసేవారు. అది ఇప్పటికీ డ్యాష్‌బోర్డ్ అరలోనే ఉంది, నేనూ అందులోనే రాస్తున్నాను.

మంగళవారం రాత్రి పెద్ద వాన. హోప్‌ఫామ్ దగ్గర నీళ్లు నిలిచాయి, మెల్లగానే దాటాను, చక్రం సగం కూడా మునగలేదు. బుధవారం పొద్దున కె.ఆర్.పురం తీగల వంతెన ఎక్కుతుంటే బండి గడగడా వణికింది, పికప్ పోయింది. అప్పుడే పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతూ ఆరుతూ కనబడింది. వెనక బస్సు హారన్ కొడుతోంది, ఆపుకోడానికి చోటు లేదు. వంతెన దిగాక వణుకు తగ్గింది. లైటు మాత్రం మినకడం మానేసి అలాగే వెలుగుతూ ఉండిపోయింది.

సాయంత్రం ఇంటి దగ్గరి మెకానిక్ స్కానర్ పెట్టి లైటు ఆర్పేశాడు. ఐదొందలు తీసుకున్నాడు. ఏ కోడ్ వచ్చిందని అడిగితే "సెన్సార్ ప్రాబ్లం మేడం, తీసేశా" అన్నాడు. గురువారం మళ్లీ వెలిగింది. ఈసారి ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. పది నిమిషాల్లో చేతిలో కాగితం పెట్టారు: క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలి, 54 వేలు. బోనెట్ ఎత్తి చూసినవాళ్లే లేరు.

శనివారం అమ్మను ఊరికి తీసుకెళ్లాలి. మోకాళ్ల నొప్పులతో ఆమె బస్సు మెట్లెక్కలేదు. బూదిగెరె మీదుగా దేవనహళ్లి, బాగేపల్లి, పెనుకొండ, దగ్గర దగ్గర 190 కిలోమీటర్లు. ప్రస్తుతం బండి నడుస్తోంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం స్టీరింగ్‌లో సన్నటి వణుకు తెలుస్తోంది. వెళ్లొచ్చా? 54 వేలు పెట్టక తప్పదా?

సిల్క్‌బోర్డ్_బాటసారి:

పెట్రోల్ మూత సరిగ్గా బిగించారా? అమెరికాలో ఉన్న మా బావగారు లైటు వస్తే మొదట అదే చూస్తారట. లేదంటే బ్యాటరీ టెర్మినల్ ఓ పది నిమిషాలు ఊడదీసి పెట్టండి, లైటు పోతుంది.

పలమనేరు_గ్యారేజ్:

అమ్మా, బ్యాటరీ జోలికి పోవద్దండి. నేను బెంగుళూరులో 22 ఏళ్లుగా బళ్ల పని చేస్తా ఉండా, అందుకని కొంచెం పొడుగ్గా చెప్తా.

ఆ లైటు వెలగడం వేరు, మినకడం వేరు. బండి వణుకుతా లైటు మినికిందంటే ఒక సిలిండర్ మిస్ కొడతా ఉండాది. అంటే అందులోకి పోయిన పెట్రోల్ కాలకుండా పచ్చిగానే బయటికి వస్తా ఉండాది. అది సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి పోయి అక్కడ అంటుకుంటాది. కన్వర్టర్ లోపల తేనెతుట్టె మాదిరి సన్నసన్న రంధ్రాల పింగాణీ గడ్డ ఉంటాది. దానికి ప్లాటినం, పలాడియం, రోడియం పూత. మీ కాగితంలో అంత ధర పడిందంటే ఆ పూత వల్లనే. వేడి హద్దు దాటితే ఆ గడ్డ కరిగి ముద్దయిపోతాది. అందుకే లైటు మినుకుతా ఉంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తేల్చాల, దొరికిన మొదటి చోట పక్కకు తీసి ఆపాల. వంతెన మీద మీరు ఏం చేయగలరు, ఆపే చోటే లేదు కదా. దిగినాక ఆపి ఉంటే బాగుండు.

నిలకడగా వెలిగే పసుపు లైటుకు రెండు మూడు రోజుల టైం ఉంటాది. మెల్లగా నడుపుకుంటా గ్యారేజీకి పోవచ్చు. ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మో, వేడి బొమ్మో వెలిగితే మాత్రం ఆ నిమిషమే ఇంజిన్ ఆపాల. అది వేరే సంగతి, దీంతో కలపొద్దండి.

ఇంక మూత సంగతి. అమెరికాలో 1996 నుంచి ప్రతి కారుకూ ఓబీడీ-2 ఉండాల్సిందే, అంటే బండి తన తప్పులు తానే కనిపెట్టి కోడ్‌లుగా రాసుకునే పద్ధతి. ట్యాంకులో ఆవిరి లీకవుతా ఉందేమో అక్కడ బండే పరీక్ష చేసుకుంటాది. మూత వదులైతే లైటు రావడం అందుకే. మన దేశంలో ఓబీడీ-2 వచ్చింది 2013 ఏప్రిల్‌లో, అది కూడా యూరప్ పద్ధతిలో. మన బళ్లు చానా వాటిలో ఆ ఆవిరి పరీక్షే లేదు. మూత బిగించుకుంటే నష్టం లేదు గానీ మీ బండి వణుకుకూ మూతకూ ఏం సంబంధం లేదు.

బ్యాటరీ తీస్తే లైటు పోతాది, అది నిజమే. దాంతో పాటే, తప్పు దొరికిన క్షణాన ఇంజిన్ ఎంత స్పీడులో తిరగతా ఉండింది, ఎంత వేడెక్కింది, ఎంత లోడ్ మీద ఉండింది అని కంప్యూటర్ రాసిపెట్టుకున్న లెక్క కూడా పోతాది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. జబ్బు మనిషి నాడి చూడకముందే కేసు షీటు చించేసినట్ట. మీ మొదటి మెకానిక్ చేసింది అదే, నాకు కోపం వచ్చేదీ దానికే. ఆ ఐదొందలకు ఆయన కోడ్ నంబర్ ఒక చీటీ మీద రాసియ్యాల్సింది.

సర్వీస్ సెంటర్ కాగితంలో పి0420 అని ఉంటాది, చూడండి. కన్వర్టర్ మార్చమని ఆ కోడ్ చెప్పదు. కన్వర్టర్‌కు ముందు ఒక ఆక్సిజన్ సెన్సార్, వెనక ఒకటి ఉంటాయి. ముందుదాని రీడింగు పైకీ కిందికీ ఊగతా ఉంటాది, వెనకదానిది నిలకడగా ఉండాల. వెనకది కూడా ఊగితే కన్వర్టర్ సరిగ్గా పని చేయలేదని కంప్యూటర్ అనుకోని 0420 రాస్తాది. మిస్ కొట్టే బండిలో అట్ల రావచ్చు. సైలెన్సర్ జాయింట్‌లో పొగ కారతా ఉన్నా రావచ్చు. మిస్ సరి చేయకుండా కొత్త కన్వర్టర్ వేస్తే ఆ కొత్తదీ అదే దోవన పోతాది, మీ 54 వేలు కూడా.

కోడ్‌లు అన్నీ చదివించి ఇక్కడ పెట్టండి. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చినారో నాన్నగారి డైరీలో చూడండి. బండి బేస్‌మెంట్‌లో పెడతారా? ఎలుకలు ఉన్నాయా? ఇంజిన్ వేడికి లోపల చేరి వైర్లు కొరికిన బళ్లు ఒక్కో వానాకాలం నా దగ్గరికి చానా వస్తాయి.

సర్జాపుర_సాయంత్రం:

ఆయన చెప్పింది అక్షరాలా నిజం అండీ, నేను అనుభవించాను. పోయిన ఏడాది తిరుపతి వెళ్తుంటే ముళబాగిలు దగ్గర లైటు మినకడం మొదలైంది. పిల్లలు నిద్రపోతున్నారు, పలమనేరు దాకా వెళ్లిపోదాం అనుకున్నాను. ఘాట్ మొదలవక ముందే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా నలభై దాటలేదు. కింద నుంచి కుళ్లిన గుడ్ల వాసన, ముందు సీటు కింద నేల కాలుతోంది. లోపలి గడ్డ కరిగి పొగ దారి మూసుకుపోయిందని తర్వాత తెలిసింది. ప్లగ్గు, దానికి కరెంటు పంపే కాయిల్‌తో పోయేది కన్వర్టర్ దాకా వచ్చింది. టోయింగ్ బండి కోసం పిల్లలతో మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాం. అమ్మగారితో శనివారం బయల్దేరకండి, దయచేసి.

ధర్మవరం_కాడుగోడి:

చాలా థాంక్స్ అన్నా. మీ సమాధానం చదివాక మెట్రో ఎక్కి ఎస్.పి. రోడ్‌కు వెళ్లి బ్లూటూత్ ఓబీడీ రీడర్ కొన్నాను, 850. స్టీరింగ్ కింద మోకాలు తగిలేచోట 16 పిన్నుల సాకెట్ దొరికింది. ఫోన్‌లో యాప్ పెట్టి చదివాను.

పి0303, పి0420. 0303 ఫ్రీజ్ ఫ్రేమ్: ఇంజిన్ 2,140 ఆర్‌పీఎం, వేడి 88 డిగ్రీలు, లోడ్ 79 శాతం.

సర్వీస్ సెంటర్ కాగితంలో 0420 ఒక్కటే రాశారు. 0303 ఊసే లేదు.

డైరీ చూశాను. నాన్న రాసింది: "14-9-2019. 28,400. ప్లగ్గులు నాలుగు కొత్తవి. పాతవి డిక్కీలో." ఆ తర్వాత ప్లగ్గుల మాట ఎక్కడా లేదు. బండి బేస్‌మెంట్‌లోనే పెడతాను, ఎలుకలూ ఉన్నాయి. బోనెట్ ఎత్తి టార్చి వేసి చూశాను, కొరికిన వైర్లేమీ కనబడలేదు.

పలమనేరు_గ్యారేజ్:

బంగారం లాంటి వివరం ఇచ్చినారు. 0303లో చివరి 03 అంటే మూడో సిలిండర్, మిస్ కొట్టేది అదే. చానా బళ్లలో టైమింగ్ చైన్ వైపు ఉండేది ఒకటో నంబర్, అక్కడి నుంచి లెక్క. 79 శాతం లోడ్ అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, మీరు చెప్పిన వంతెన మాదిరి చోట. లోడ్ మీద మిస్ కొట్టి, ఖాళీగా ఉన్నప్పుడు చానా వరకు సర్దుకుంటే నా అనుమానం ముందు కాయిల్, ప్లగ్గు మీదికే పోతాది. ప్లగ్గులు 43 వేలు తిరిగినాయి, మామూలు నికెల్ ప్లగ్గులైతే వాటి కాలం అయిపోయినట్టే.

డబ్బు పెట్టకముందు ఒక పని చేయండి. ఇంజిన్ బాగా చల్లారనిచ్చి, తాళం తీసేసి, మూడో కాయిల్ రెండో దాని చోటుకు, రెండోది మూడో చోటుకు మార్చండి. పదో నంబర్ స్పానర్ చాలు, ఒక్కో కాయిల్‌కు ఒకటే బోల్టు. కప్లర్ నాలుకను నొక్కి లాగాల, వైరు పట్టి లాగొద్దండి. కాయిల్ బయటికి తీసినాక దాని రబ్బరు గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూడండి. తర్వాత అపార్ట్‌మెంట్ చుట్టూ మెల్లగా ఒక రౌండు. కొత్తగా 0302 వస్తే కాయిల్ పోయినట్టు. మిస్ మూడో దాంట్లోనే ఉంటే ప్లగ్గు, అదీ కాకుంటే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, ఆ పైన సిలిండర్ లోపలి కంప్రెషన్. లైటు మినికితే వెంటనే ఆపేయండి, పరీక్ష అంతటితో చాలు.

పని అయినాక కోడ్‌లు చెరపొద్దు. తప్పు మళ్లీ రాకుండా వరుసగా మూడు ట్రిప్పులు తిరిగితే లైటు దానంతట అదే ఆరిపోతాది. అట్ల ఆరిన లైటును నమ్మొచ్చు. ఆ రీడర్‌ను మాత్రం సాకెట్‌లోనే వదిలేయొద్దండి, బండి ఆపినా దానికి కరెంటు పోతానే ఉంటాది, బ్యాటరీ దిగిపోతాది.

సిల్క్‌బోర్డ్_బాటసారి:

బ్యాటరీ సలహా ఇచ్చింది నేనే. ఫ్రీజ్ ఫ్రేమ్ సంగతి నాకు తెలియదు, ఇకమీద ఎవరికీ అలా చెప్పను. ఐఫోన్ వాడేవాళ్లకు ఒక మాట: మామూలు బ్లూటూత్ రీడర్ దానికి కలవదు, వైఫైదో, బీఎల్‌ఈ అనే కొత్త రకం బ్లూటూత్‌దో అడిగి తీసుకోండి.

ధర్మవరం_కాడుగోడి:

ఆలస్యంగా రాస్తున్నాను, ఇవాళ మంగళవారం.

శుక్రవారం రాత్రి బేస్‌మెంట్‌లో మా వాచ్‌మన్ టార్చి పట్టుకున్నాడు, నేను కాయిల్స్ మార్చాను. చేతులు వణికాయి కానీ పని అయింది. మూడో కాయిల్ రబ్బరు గొట్టం మీద పొడుగ్గా వెంట్రుకంత చీలిక, దాని చుట్టూ తెల్లటి మరక. మూడో ప్లగ్గు గుంతలో చెమ్మ ఉంది. ఒక్క రౌండు తిరిగేసరికి పి0302 వచ్చింది. కాయిల్ వెంటే కోడ్ కూడా పక్కింటికి వెళ్లింది!

శనివారం ప్రయాణం మానుకున్నాం, ఆ మాట ముందు మా అమ్మే అంది. జె.సి. రోడ్‌లో కాయిల్ 2,350, నాలుగు ప్లగ్గులు 1,120. మా ఆఫీసు డ్రైవరన్న గుంతలో చెమ్మ గుడ్డతో తుడిచి, ప్లగ్గులు చేత్తోనే మర పట్టించి ఆ తర్వాతే స్పానర్ వేశాడు. సాయంత్రం ఒక్కదాన్నే హొసకోట దాకా వెళ్లి వచ్చాను, వణుకు లేదు.

ఆదివారం తెల్లవారుజామున అమ్మతో బయల్దేరాను. లైటు వెలుగుతూనే ఉంది, దారి పొడవునా దాన్నే చూస్తూ నడిపాను. బాగేపల్లి టోల్ దాటాక అమ్మకు భయం తీరి నిద్రపోయింది. సోమవారం పొద్దున ధర్మవరంలో కూరగాయలకని బండి తీస్తే లైటు లేదు. ఇవాళ బెంగుళూరు చేరాక మళ్లీ రీడర్ పెట్టాను. కొత్తగా ఏ కోడూ లేదు, 0420 తిరిగి రాలేదు. వెనక సెన్సార్ 0.6 నుంచి 0.7 వోల్టుల మధ్య నిలబడి ఉంది. సరిపోయినట్టేనా అన్నా?

పలమనేరు_గ్యారేజ్:

సరిపోయింది అమ్మా. మీ కన్వర్టర్ బతికింది. పాత కోడ్ మెమరీలో ఇంకా కొన్నాళ్లు కనబడతాది, ఇంజిన్ చల్లారి మళ్లీ వేడెక్కడం ఒక నలభై సార్లు అయితే అదీ పోతాది, దానికి భయపడొద్దండి. ఆ గుంతలోకి చెమ్మ ఎట్ల వచ్చిందో మాత్రం చూడాల. అద్దం కింద వైపర్ల దగ్గరుండే ప్లాస్టిక్ తొట్టిలో ఆకులు చేరి నీళ్లు పోయే దారి మూసుకోని ఉంటాది. ఒక చెంబు నీళ్లు అక్కడ పోసి ఎటు కారతాయో చూడండి.

ధర్మవరం_కాడుగోడి:

చూశాను అన్నా. బేస్‌మెంట్‌కు మారకముందు గేటు బయట చెట్టు కింద పెట్టేదాన్ని, ఆ ఆకులు ఇంకా అక్కడే ఉన్నాయి, గుప్పెడు తీశాను. ఇప్పుడు నీళ్లు నేరుగా చక్రం పక్కకి దిగుతున్నాయి. డైరీలో నాన్న చేతిరాత కింద రాశాను: "71,260. మూడో కాయిల్, ప్లగ్గులు నాలుగు. పాతవి డిక్కీలో."