ఒక పెట్టకి పొట్ట నీళ్ల సంచిలా ఉబ్బింది, ఇంకోదానికి ఈకలు రాలిపోతున్నాయి. రెండూ ఒకటే జబ్బా?

నిడదవోలు పెరడు

నమస్కారం అండి. మా పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు. పెట్టల్లో నాలుగు ఫారం నుంచి తెచ్చిన గోధుమ రంగువి, రెండు నాటువి. వాటిలో రెండింటికి బాగోలేదు. వారం నుంచి నాకు ఒకటే టెన్షన్.

మొదటిది ఎర్రమ్మ, గోధుమ రంగు పెట్ట. రెండేళ్లు దాటింది. మొన్నటి దాకా దాదాపు రోజూ గుడ్డు పెట్టేది, మూడు వారాల నుంచి మానేసింది. ముందు బాగా తిని బలిసిందేమో అనుకున్నాను. ఎత్తి చూస్తే వెనక కాళ్ల మధ్య పొట్ట నిండు నీళ్ల సంచిలా జారుతోంది. అక్కడ ఈకలు పలచబడి చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది. కాళ్లు ఎడంగా పెట్టి బాతులా నడుస్తోంది. నాలుగడుగులు వేసి నోరు తెరిచి ఆయాసపడుతోంది. తురాయి వాడిపోయి నీలం తిరిగింది. మేత మాత్రం కొంచెం తింటోంది, రెట్ట కూడా వేస్తోంది.

రెండోది నాటు పెట్ట. దానికి మెడ మీద, రొమ్ము మీద ఈకలు రాలిపోయాయి. పొద్దున్నే గూడు తలుపు తీస్తే లోపల ఈకలు గుప్పెళ్లకొద్దీ ఉంటున్నాయి. తిండికి లోటు లేదు, హుషారుగానే ఉంది. గుడ్డు మాత్రం లేదు.

మా అమ్మ రెండూ ఒకటే తెగులు, మిగతావాటికీ అంటుకుంటుంది అంటోంది. పక్కింటివాళ్లు అది చావకముందే కోసేయమంటున్నారు. ఎర్రమ్మని మా పాప చేతుల్లో పెంచింది, నాకు ఆ మాటే వినబుద్ధి కావడం లేదు. మేత అంటే నూకలు, తవుడు, మిగిలిన అన్నం, పచ్చడి కలిపిన అన్నం కూడా. తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్ నాటుకోళ్లు

అక్కా, నాటుదాని గురించి భయపడకు. ఇది కార్తీకం. పగటి పొద్దు తగ్గినంక ఏడాది దాటిన పెట్టలు పాత ఈకలు రాల్చుకొని కొత్తవి వేసుకుంటాయి. ముందు తల, మెడ, తర్వాత రొమ్ము, వీపు, ఆఖరుకు రెక్కలు, తోక. రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా గుడ్డు ఉండదు. రాలిన చోట చెయ్యి పెట్టి చూడు, ముళ్లలా గట్టి మొలకలు తగిలితే అవి కొత్త ఈకలే. వాటిలో రక్తం ఉంటుంది, చేత్తో పీకొద్దు.

మొలకలు లేకుండా చర్మం గరుకుగా, ఎర్రగా ఉంటే గోమార్లో, నల్లులో, పేలో ఉన్నట్టు. రెట్ట వేసే చోట ఈకల మొదళ్లకు తవుడు అంటినట్టు తెల్లటి గుడ్లు గుత్తులుగా ఉంటే పేలు. నల్లులు పగలు కోడి మీద దొరకవు, గూట్లో పగుళ్లలో దాక్కుంటాయి. రాత్రి కోళ్లు నిద్రపోయినంక కూర్చునే కర్ర కింది వైపు తెల్ల గుడ్డతో తుడువు. ఎర్ర మరకలు పడితే అవే. ఇంకో మాట, వీపు మీద మాత్రమే బోడిగా అయితే అది పుంజు ఎక్కడం వల్ల. పుంజును కొన్నాళ్లు వేరుగా ఉంచితే సరిపోతుంది.

ఈక దాదాపు మొత్తం మాంసకృత్తే కాబట్టి ఈ రెండు మూడు నెలలు ఒక్క నూకలే వేస్తే సరిపోదు. మేం చెదలు తెచ్చి వేస్తాం. ఉడికించిన గుడ్డు, నువ్వుల చెక్క కూడా పెట్టొచ్చు.

అనంతపురం పెరటి రైతు

నాటుదాని గురించి అన్న చెప్పింది సరైన మాట. ఎర్రమ్మ సంగతి వేరండి, దాన్ని ఆలస్యం చేయొద్దు.

పోయిన ఏడాది మా గోధుమ పెట్టకి అచ్చం ఇలాగే అయింది. మీరు పొట్ట కింద అరచెయ్యి పెట్టి, రెండో చేత్తో పక్క నుంచి మెల్లగా తట్టి చూడండి. లోపల నీళ్లు కదిలినట్టు అలలా తగిలితే నీరు చేరినట్టు. నున్నగా, గట్టిగా గుడ్డంత గడ్డ తగిలితే గుడ్డు అడ్డం పడినట్టు. అలాంటప్పుడు పెట్ట ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకి తెచ్చుకుంటుంది. మీది మూడు వారాల నుంచి రెట్ట వేస్తూ, మేత తింటూ ఉంది కాబట్టి అది కాదనే అనుకుంటున్నాను. ముద్దలా, పిండిలా తగిలితే లోపల సొన పేరుకుని చీము పట్టి ఉండొచ్చు. ఎక్కువ గుడ్లు పెట్టే ఫారం జాతుల్లో ఇది మామూలు. సొన గుడ్డు తయారయ్యే గొట్టంలోకి దిగకుండా కడుపులో పడిపోతుంది, దానికి సూక్ష్మక్రిములు చేరితే నీరు ఊరుతుంది.

మా ఊళ్లో ఇంకో కారణం ఉంది, అది నా మనసులో ఇప్పటికీ ఉంది. మేం వేరుశెనగ చెక్క వేసేవాళ్లం. వానాకాలంలో మూట అడుగున బూజు పట్టింది. నేను పైపైన గీకేసి, ఎండబెట్టి వేశాను. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, ఆ దెబ్బకి కూడా కడుపులో నీరు చేరుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం బూజు పట్టిన వేరుశెనగ పిండి అని తేలింది. డాక్టరుగారు అది చెప్పేదాకా నాకు తెలియదు. ఎండబెడితే ఆ విషం పోదు. నూకలు, మొక్కజొన్న, తవుడు ఏది వేసినా ముందు వాసన చూడండి.

పచ్చడి అన్నం ఈ రోజు నుంచే మానేయండి. ఉప్పు ఎక్కువైతే కోడికి నీరు పడుతుంది. ఉప్పు చేపలు కూడా అంతే. ఈకల కోసం మాంసకృత్తులు కావాలని ఎండు చేపల పొడి వేస్తే ఉప్పు లేనిదే తెచ్చుకోండి.

పశువుల ఆసుపత్రిలో పనిచేస్తా

రెండు మాటలు చెప్తాను. నీరు మీరు ఇంట్లో తీయకండి. సూది ఎక్కడ గుచ్చాలో తెలియకపోతే కాలేయానికో పేగుకో తగులుతుంది. ఒక్కసారిగా మొత్తం తీస్తే కోడి షాక్‌లోకి వెళ్లి చనిపోవచ్చు. డాక్టరుతో కొంచెం కొంచెంగా తీయించండి. మనుషులకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు పొడి చేసి వేయకండి, ఆ మందు గుడ్లలోకి వస్తుంది. మందు వాడినప్పుడు ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో డాక్టరునే అడగండి. ఆసుపత్రి దూరమైతే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి అడగండి. అప్పటిదాకా ఎర్రమ్మని నీడలో గంప కింద విడిగా ఉంచండి. పుంజు దగ్గరికి రానివ్వకండి.

ఒకేసారి చాలా కోళ్లు ముడుచుకుని కూర్చుని చచ్చిపోతుంటే మాత్రం ముట్టుకోకుండా వెంటనే పశుసంవర్ధక శాఖవాళ్లకు చెప్పాలి. మీ దగ్గర అలా లేదు.

నిడదవోలు పెరడు

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న ఎర్రమ్మని బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు కుడి పక్క ఈకలు తప్పించి, స్పిరిట్ తుడిచి సూదితో నీరు తీశారు. ఎండుగడ్డి రంగులో, పలచగా, పావు లీటరు దాకా వచ్చింది. నేను పట్టుకుని ఉన్నాను, నా చేతుల్లోనే దాని ఊపిరి నెమ్మదించింది. సొన తాలూకు తెల్ల తరకలు లేవు, కాలేయం తేడా చేసి ఉండొచ్చు అన్నారు. మళ్లీ ఊరుతుందనీ, ఇక గుడ్లు పెట్టకపోవచ్చనీ కూడా చెప్పారు. పెట్టకపోయినా ఫరవాలేదు, తినడానికి కోయం అన్నాను.

నాటుదానికి మెడ మీద ముళ్లలాంటి మొలకలు నిండుగా ఉన్నాయి. కానీ రాత్రి టార్చి వేసి కర్ర కింద గుడ్డతో తుడిస్తే ఎర్ర మరకలు పడ్డాయి అన్నా! వెదురు కర్ర బొంగులో, కణుపుల దగ్గర నల్లులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. కర్రలన్నీ తీసి కాల్చేశాం. గూడంతా సలసల కాగే నీళ్లతో కడిగి, డాక్టరు చెప్పిన మందు కొట్టాం. నల్లుల గుడ్లు పగిలి మళ్లీ పిల్లలు వస్తాయి కాబట్టి వారం తర్వాత ఇంకోసారి కొట్టమన్నారు. కోళ్లు పొర్లడానికి బావి పక్కన గొయ్యి తీసి కట్టెల పొయ్యి బూడిద, వేపాకు పొడి కలిపి పోశాను. మధ్యాహ్నం అన్నిటికన్నా ముందు నాటుదే దిగి పొర్లింది.

తవుడు మూట తీసి చూస్తే అడుగున ఉండలు కట్టి ఉంది, వాసన కూడా వస్తోంది. పారబోశాను. అమ్మ పచ్చడి అన్నం మానేసింది. ఎర్రమ్మ ఈ పొద్దున పాప చేతిలో నుంచి నాలుగు తోటకూర ఆకులు తిన్నది.

అనంతపురం అండి, మీ పెట్టకి నీరు తీశాక మళ్లీ ఎన్నాళ్లకి ఊరింది?

అనంతపురం పెరటి రైతు

మూడు వారాలకి. రెండోసారి తీయించాక నాలుగు నెలలు బతికింది, ఆ నాలుగు నెలలూ బాగా తిరిగింది. మీరు ప్రతి ఆదివారం తూకం వేసి రాసుకోండి. నీరు ఊరుతోందని పొట్ట కంటే ముందు తూకమే చెప్తుంది.